ఎదురు బరువు

ఆ ఇంట్లో తెల్లవారిందంటే తనిఖీ మొదలైందన్నమాటే. ఇంటాయన లిఫ్టు మెకానిక్కు. ముప్పై ఏళ్లుగా ఇనుప తాళ్లను వేళ్లతో తడిమి, ఏది ఉంచాలో ఏది మార్చాలో చెప్పే మనిషి. నిద్ర లేవగానే గ్యాసు గొట్టం వంగిందేమో చూస్తాడు. బాల్కనీ కటకటాలను రెండు చేతులా కుదిపి చూస్తాడు. స్నానాలగది గచ్చు తడిగా ఉందేమోనని బొటనవేలితో రాసి చూస్తాడు. అన్నీ నిన్నటిలాగే ఉన్నాయని తేలితే తప్ప ఆయన గొంతులో టీ దిగదు. వీధిలో అందరికీ ఆయన లిఫ్టాయన. ఇంట్లో కూతురు మాత్రం, ఆయన వినకుండా, 'జాగ్రత్తగారు' అంటుంది.

ఆ పొద్దున టీ కప్పు పక్కన భార్య ఒక కాగితం పెట్టింది. కాగితం మీద పెన్ను పెట్టింది.

"ఇక్కడో సంతకం పెట్టండి."

"ఏమిటిది?"

"చదివే పెట్టండి. మీరు చదవకుండా పాలప్యాకెట్టు కూడా తీసుకోరుగా."

ఆయన చదివాడు. 'ఎత్తు నుండి పడుట వలన గాయము గాని, ప్రాణహాని గాని సంభవించినచో' అన్నచోట చూపు ఆగిపోయింది. కింద ఒక గీత, గీత కింద 'తాడు పట్టు వ్యక్తి' అన్న మాట.

"పాత గోదాములో గోడ ఎక్కడం నేర్పుతున్నారండీ," అంది ఆమె, ముందే వల్లె వేసుకున్న మాటలను ఒక్కొక్కటిగా అప్పజెబుతున్నట్టు. "నడుముకు తాడు కట్టుకుని ఎక్కుతాం. రెండు నెలలైంది. మీకు నడకకు వెళ్తున్నానని చెప్పాను. తప్పే. చెబితే వెళ్లనివ్వరని చెప్పలేదు."

కిటికీ దగ్గర చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అత్తగారి చెయ్యి ఆగింది.

"గోడలెక్కడం నేర్పుతారటే? దొంగలకైతే పనికొస్తుంది. కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసేదానివి, నీకెందుకమ్మా?"

"నానమ్మా, అదొక ఆట," అంది కూతురు.

"నలభై ఏడేళ్లకు ఆటలేమిటే! కొరివితో తల గోక్కోవడం కాకపోతే!"

ఆయనకు ఆ మాటలేవీ వినబడలేదు. "ఎంత ఎత్తు?" అని మాత్రం అడిగాడు.

"నలభై అడుగులు."

నాలుగు అంతస్తులు. ఆ లెక్క ఆయన వేయలేదు. దానంతటదే పడింది.

"ఒకరు ఎక్కుతుంటే ఒకరు కింద తాడు పట్టాలండీ. నాకు జోడీగా ఉన్న టీచరమ్మ బదిలీ మీద వెళ్లిపోయింది. ఆదివారంలోగా ఇంకో మనిషి దొరక్కపోతే నేను మానుకోవాల్సిందే. పిల్ల పట్టలేదు, గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది. మీరు పట్టాలి."

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. "పట్టను," అన్నాడు. టీ అలాగే వదిలి, సామాన్ల సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఒక ఆరంతస్తుల భవనంలో, నిలిపేసిన లిఫ్టు పెట్టె నెత్తిమీద ఆయన మోకాళ్లు ఆనించి కూర్చున్నాడు. పైన చీకటి, కింద చీకటి, నడుమ నూనె వాసన. పదకొండేళ్ల కిందట ఇలాంటి లిఫ్టు గొయ్యిలోనే ఆయనతో ఒక తోటి మెకానిక్కు ఉండేవాడు. పొడుగు చూసి అందరూ 'నిచ్చెన' అని పిలిచేవాళ్లు. గట్టిగా నవ్వేవాడు. నవ్వితే గొయ్యి మొత్తం మోగేది. ఒకనాడు అతని కాలు జారింది. ఈయన బోర్లాపడి మణికట్టు అందుకున్నాడు. అందింది, పట్టుకున్నాడు కూడా. పది అంకెలు లెక్కపెట్టేంతసేపు పట్టుకున్నాడు. ఆపైన నూనె చేతిలోంచి నూనె చెయ్యి జారిపోయింది.

'నేను పైగదిలో మోటారు దగ్గరున్నాను, ఏమీ చూడలేదు' అని ఆఫీసులో చెప్పాడు. ఇంట్లోనూ అదే మాట. నిచ్చెన భార్య ముందు నిలబడి, ఆమె కళ్లలోకి చూడకుండా, అదే మాట. చెప్పగా చెప్పగా అబద్ధం నునుపెక్కింది. లోపలి నిజానికి మాత్రం గరుకు పోలేదు.

ఆయనకు ఏ తాడు మీదా అనుమానం లేదు. తాడును కొలవొచ్చు, తూచొచ్చు, మార్చొచ్చు. అనుమానమల్లా తన రెండు చేతుల మీద. ఆ చేతుల్లోనే ఇప్పుడు ఆమె తన ప్రాణం పెడతానంటోంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆ కాగితమే, మడతలు సాపు చేసి, బల్ల మీద ఉంది. ఆయన దాన్ని తీసి నిలువునా చింపేశాడు. ఆమె సొరుగు లాగి ఇంకొకటి తీసి అదే చోట పెట్టింది.

"నాలుగు తెచ్చాను. మీ సంగతి నాకు తెలియదా?"

"నవ్వులాటగా ఉందా నీకు?" ఆయన గొంతు లేచింది. "పడితే? నడుము విరిగితే? ఈ ఇల్లు ఏమవ్వాలి? గోడెక్కకపోతే నీకు పొద్దుపోదా?"

"నా మాట వినండి ఒక్కసారి." ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "మూడు నెలల కింద దుకాణంలో పై అరలో ఫ్రేముల పెట్టె తీయడానికి స్టూలు ఎక్కాను. మూడే మెట్లు. ఎక్కాను గాని దిగలేకపోయాను. కాళ్లు కొయ్యబారిపోయాయి. ముప్పావుగంట అరను కావలించుకుని నిలబడ్డాను. చివరికి ఓనరూ, ఇద్దరు కస్టమర్లూ కలిసి నన్ను దించారు, బీరువాను దించినట్టు. ఒక పిల్ల ఫోన్లో వీడియో కూడా తీసింది."

ఎవరూ నవ్వలేదు.

"పెళ్లికి ముందు నేను చెట్లెక్కి కాయలు కోసినదాన్నండీ. ఈ భయం నాది కాదు. ఇక్కడే అంటుకుంది. దానికీ అంటుకుంది," అని కూతురివైపు చూసింది. "సైకిలెక్కదు. ఈతకు పోదు. తోటిపిల్లలు ఎక్కడికి రమ్మన్నా దానికి కడుపునొప్పి. ఈ ఇంటికి భయం కొత్తకోడలిలా తలొంచుకుని వచ్చింది, ఇప్పుడు అత్తగారిలా పీటేసుకుని కూర్చుంది."

"మధ్యలో నన్నెందుకు లాగుతావే!" అంది అత్తగారు.

"అది ఎప్పుడొచ్చిందో కూడా నాకు తెలుసు. మీ నిచ్చెన చనిపోయిన ఏడే వచ్చింది. ఎందుకొచ్చిందో మాత్రం మీరెప్పుడూ చెప్పలేదు. చూడని చావుకు ఎవరైనా పదకొండేళ్లు భయపడతారా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన బల్ల అంచును పట్టుకున్నాడు.

"చూశాను," అన్నాడు. "చూడటమేమిటి, పట్టుకున్నాను. నా చేతిలోంచే జారాడు. అబద్ధం చెప్పాను. అందరికీ చెప్పాను, నీకూ చెప్పాను. ఇంకొంచెం గట్టిగా పట్టుకుని ఉంటే..."

కొళాయిలోంచి చుక్కలు పడుతున్న చప్పుడు వినబడింది. దానికి మరమ్మతు కావాలని ఎవరూ గమనించలేదన్న సంగతి ఆయనకు ఆ క్షణంలో కూడా తోచింది.

ముసలావిడ చిన్నగా, తనలో తాను అనుకుంటున్నట్టు అడిగింది. "అందుకేనట్రా, నన్ను చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించడం మానేశావు? ముసలిదాన్నయ్యాను, విసుగొచ్చింది కాబోలు అనుకున్నాను. నా వెనకాలే గొడుగు పట్టుకు నడిచేవాడివి గాని..."

ఆయన తల బల్ల మీదికి వాలింది. కూతురు లేచి వచ్చి పక్కన నిలబడింది. భుజం మీద చెయ్యి వేయాలా వద్దా అని తడబడి, వేసింది.

భార్య కుర్చీని ఆయన దగ్గరికి జరుపుకుంది. ఇన్నేళ్ల కాపురంలో తన పక్కనే పడుకున్న మనిషి ఇంత బరువును ఒక్కడే మోశాడని జాలి. తనకు చెప్పుకోలేకపోయాడని కోపం. రెండింటిలో ఏది ముందు బయటికి వస్తుందో ఆమెకే తెలియలేదు.

"అతనికి ఆ పది అంకెలసేపూ ఒక మనిషి తోడున్నాడు," అంది చివరికి. "మీకు జారిందొక్కటే గుర్తుంది."

"ఇది విన్నాక కూడా నన్ను పట్టమంటావా?"

"మీరు చెప్పకముందు కొంచెం భయంగా ఉండేది. ఇప్పుడు చాలా భయంగా ఉంది." ఆమె కాగితాన్ని ఆయన ముందుకు జరిపింది. "అయినా మీరే రండి. వేరేవాళ్లు తాడు పట్టుకుంటే నేను గోడ ఎక్కగలనేమో. ఈ భయంతో మనిద్దరం ఈ ఇంట్లో మాత్రం బతకలేం."

ఆదివారం నలుగురూ వెళ్లారు. 'చూసి తిట్టడానికి' వస్తానని అత్తగారు ముందే చెప్పింది.

గోదాము లోపల గోడ నిండా రంగురంగుల గుబ్బలు, నేలమీద రబ్బరు పరుపులు, గాలిలో సుద్దపొడి. కోచ్ పొట్టి జుట్టున్న అమ్మాయి, మాట తక్కువ మనిషి. లిఫ్టాయన ముందు తాడు అడిగాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ల మధ్య నడిపించాడు. నడుము పట్టీల కుట్లు భూతద్దంతో చూశాడు. వెనకనున్న ఇనుప మెట్లెక్కి తాడు వేలాడే పై కొక్కేన్ని స్పానరుతో తట్టి, చెవి ఒగ్గి విన్నాడు. ఒక్క పోగు తెగి ఉంటే చాలు, ఒక్క కుట్టు ఊడి ఉంటే చాలు, అందరినీ తీసుకుని ఇంటికి వెళ్లిపోవచ్చు. తన జీవితంలో మొదటిసారి ఆయన తప్పు దొరకాలని వెతికాడు. దొరకలేదు.

"సార్, ఇంతలా ఎవ్వరూ చూడలేదు," అంది కోచ్. "మా దగ్గర పనిలో చేరతారా?"

గంటసేపు ఇసుకమూటను ఎక్కించీ దించీ ఆయనకు నేర్పించింది. "కింది చెయ్యి మాత్రం తాడును ఎప్పుడూ వదలకూడదు సార్. మేడం మీకంటే పదిహేను కిలోలు ఎక్కువ. తాడు మిమ్మల్ని కొంచెం పైకి లాగుతుంది, కంగారుపడకండి. నేను పక్కనే ఉంటాను. అవసరమైతే తప్ప ముట్టుకోను."

ఆయన కాగితం మీద సంతకం పెట్టాడు. రాత వంకర పోయింది.

ఆమె ఎక్కడం మొదలుపెట్టింది. ఎర్రగుబ్బ, పచ్చగుబ్బ, కాలు, చెయ్యి, మళ్లీ కాలు. అద్దాలను అరగదీసి గట్టిపడ్డ ఆ వేళ్లు గోడను నమ్మకంగా పట్టుకుంటున్నాయి. ఆమె ఎక్కినకొద్దీ ఆయన తాడు లాగుతున్నాడు. ఒక అంతస్తు. రెండు. మూడు. ఆయన పై ప్రాణాలు పైనే ఉన్నాయి. నాలుగో అంతస్తు ఎత్తున గోడ అయిపోయింది.

అక్కడ ఆమె బిగుసుకుపోయింది. ఎక్కడం అయింది. ఇక చేతులు వదిలి తాడుకు వేలాడితేనే దిగడం. చేతులు వదలడం ఆమెకు చేతకావడం లేదు. మోకాళ్లు గోడకు కొట్టుకుంటున్న చప్పుడు కిందికి వినబడుతోంది.

"ఏమండీ!" గొంతు సన్నగా వచ్చింది. "పట్టుకున్నారా?"

ఆయన తన పిడికిలి వైపు చూసుకున్నాడు.

"నాన్నా, చెప్పు!" అంది కూతురు ఏడుపు గొంతుతో.

"ఏమండీ, ఉన్నారా?"

"ఉన్నాను!" ఆ కేక ఆయనకే కొత్తగా వినబడింది. గోదాము మొత్తం మోగింది. "పట్టుకున్నానే! వదిలెయ్!"

ఆమె కళ్లు మూసుకుంది. వదిలేసింది.

తాడు ఒక్కసారిగా బిగిసింది. ఆయన కాళ్లు నేలను విడిచాయి. జానెడు, మూరెడు. గాలిలో వేలాడుతూ ఆయన కుడిచెయ్యి మాత్రం నడుము దగ్గర తాడును అదిమి పట్టింది. కుర్చీలోంచి ముసలావిడ ఎలా లేచిందో ఎవరూ చూడలేదు. పరుగున వచ్చి కొడుకు నడుమును రెండు చేతులా వాటేసుకుంది.

"ఇన్నేళ్లూ నా కొడుకును ఆడించింది చాలదటే, ఇప్పుడు ఎగరేస్తున్నావా!"

ఆమె బరువుకు ఆయన మెల్లగా నేలకు దిగాడు. పైన భార్య వేలాడుతోంది. ఆయన మనసులో అంకెలు నడుస్తున్నాయి. ఎనిమిది. తొమ్మిది. పది. పది దగ్గర ఊపిరి ఆగింది. పదకొండు. పన్నెండు. ఆమె అక్కడే ఉంది.

లిఫ్టు పెట్టెకు అవతలి కొసన ఒక బరువు వేలాడుతుంది. ఎదురు బరువు అంటారు. ఎక్కే జనం దాన్ని చూడరు, కాని అది లేకపోతే ఎంత గట్టి తాడున్నా పెట్టె సాఫీగా కదలదు. ముప్పై ఏళ్లుగా తెలిసిన ఈ సంగతి ఆయనకు ఒంట్లో తెలిసింది ఆ నిమిషంలోనే. నిచ్చెనను పట్టుకున్నప్పుడు ఆయన ఒక్కడే. వెనక ఎవరూ లేరు.

కొంచెం కొంచెంగా తాడు వదులుతూ ఆమెను దించాడు. పాదాలు పరుపును తాకాయి. కూతురు వెళ్లి తల్లిని చుట్టుకుంది. ముసలావిడ రొప్పుతూ పరుపు మీద చతికిలబడింది.

"సార్, ఇక తాడు వదలొచ్చు," అంది కోచ్.

"రావడం లేదమ్మా," అన్నాడాయన. వేళ్లు తెరుచుకోవడం లేదు.

భార్య వచ్చి ఆ పిడికిలిని సుద్ద అంటిన చేతుల్లోకి తీసుకుంది. చిటికెనవేలు మొదలుకుని ఒక్కొక్కటిగా విప్పింది. బొటనవేలు దాకా వచ్చేసరికి ఆయన నిలబడినచోటే వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"జారలేదే," అన్నాడు.

"జారలేదండీ."

ఆయన చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు.

"నిచ్చెన వాళ్లావిడ ఇప్పుడు ఎక్కడుంటోందో తెలుసా నీకు?"

"తెలుసు. మా దుకాణానికి వస్తుంటుంది."

"పోదాం. ఇప్పుడే. ఇంటికెళ్తే మళ్లీ భయమేస్తుంది."

ఆమె నడుముకున్న ముడి విప్పుకోసాగింది.