లెక్కలో లేని మర

తేదీ మార్చి పదిహేడు, ఆదివారం, ఉదయం ఎనిమిది గంటలు. షెడ్డులో ఉన్నది ముగ్గురు: అచ్చుతప్పులు దిద్దే కొలువులో తల తెల్లబడిన కొడుకు, చేతిలో కాగితంతో అతని భార్య, మేడమీది ఇంటి నుంచి పద్దెనిమిది మెట్లూ కూర్చుంటూ లేస్తూ దిగివచ్చిన అతని తల్లి. వారి మధ్య, తండ్రి వదిలివెళ్లిన పాత కారు.

ఆ కాగితం నెల కిందట భార్యాభర్తలు రాసుకున్నది. ఈ సాయంత్రంలోగా ఇంజను నడిచి కారు కదిలితే షెడ్డు కారుది. కదలకపోతే కారు పాత ఇనుము కొట్టుకు, షెడ్డు మెట్లెక్కలేని తల్లికి గదిగా. అతడు సంతకం మాత్రం వాయిదా వేస్తూ వచ్చాడు.

అడ్డుపడినది ఒక్క బోల్టు. డైనమో పట్టీని బిగించే ఆ బోల్టు లేకుంటే బెల్టు జారి ఇంజను ఉడికిపోతుంది. అంగుళాల కొలతది బిగుసుకుపోయింది, మిల్లీమీటర్లది వదులుగా ఊగింది. అరవై మూడు బోల్టులు చీటీలు అంటించుకుని డబ్బాల్లో అతణ్ని వెక్కిరిస్తున్నాయి.

"ఇంకోటా? పెళ్లిసంబంధాలైనా ఇన్ని చూశారా?" అంది భార్య.

"చూడ్డానికి బాగానే ఉంటుంది. రెండు చుట్లు తిరిగాక మొండికేస్తుంది."

"నన్నేనా అంటున్నారు?"

అతడు మరో బోల్టు బిగించబోయాడు. పానా జారి వేలి కణుపు చీరుకుపోయింది. పానాను గోడకేసి కొట్టాడు. "లేత్ వాడేమో మాదిరి బోల్టు లేకుండా కొత్తదానికి మర చుట్లు కొయ్యలేనంటాడు!"

"పాత బోల్టేం చేశారు?"

"పారేశాను. అది ఈ కారుది కాదు. ఎవడో తలమాసినవాడు పెట్టిన అతుకు."

"ఆ తలమాసినవాడు మీ నాన్నేరా," అంది తల్లి.

అతడు చేతులు తుడుచుకుంటూ ఆమెవైపు తిరిగాడు.

"నువ్వు పుట్టే రోజు. నాకు నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రికి బయల్దేరబోతూ చూస్తే అసలు బోల్టు ఊడిపోయి, గాడి కాస్తా అరిగిపోయి ఉంది. ఆయన నా కుట్టుమిషను కాలి బోల్టు తీసి, దాని కొలతకి కారులో మర మళ్లీ కోశారు. నొప్పుల మధ్యే దీపం నేనే పట్టాను."

"ఇన్నాళ్లూ చెప్పలేదేమ్మా?"

"ఊరందరినీ అడిగావు. నన్నడిగావట్రా?"

అతడు తలదించుకున్నాడు.

"దాని జత ఇంకా మిషను రెండో కాలికే ఉంది; మొదటి కాలికి మీ నాన్న తర్వాత వేరేది వేశారు. ఊడదీసుకో."

"మరి మిషను?"

"ఒంటికాలి మీద నిలబడుతుందిలే. నేను నిలబడటం లేదూ?"

అతడు మెట్లెక్కాడు. మెట్ల పక్క పిట్టగోడ మీద, సరిగ్గా అమ్మ అరచేయి ఆనేచోట, సున్నం నున్నగా అరిగిపోయి ఉంది. కారు బాగుచేస్తూ రెండేళ్లుగా రోజూ ఈ మెట్లు ఎక్కుతున్నాడు. దాన్ని ఒక్కనాడూ చూడలేదు.

బోల్టు వేళ్లతోనే చివరిదాకా తిరిగింది. మధ్యాహ్నానికి ఇంజను దగ్గింది, మారాం చేసింది, ఆపై అందుకుంది. కారు నెమ్మదిగా సందులోకి వచ్చి నిలిచింది.

"గెలిచారుగా," అని భార్య ముఖం తిప్పుకుని కాగితం చాపింది. "షెడ్డు మీ కారుదే. పెట్టండి సంతకం."

అతడు కలం తీశాడు. ముప్పయ్యేళ్ల అలవాటుగా 'కారుది' అన్న మాటను ఒకే గీతతో కొట్టివేసి, దానిపైన పొందికగా 'అమ్మది' అని రాశాడు.

"వానొస్తేనో?" అంది తల్లి, కళ్లొత్తుకుంటూ.

"టార్పాలిన్ కప్పుతాను. రేపు లేత్ దగ్గర నీ మిషనుకి జత కోయిస్తాను. ఇప్పుడు మాదిరికి కారులో బోల్టు ఉందిగా."

సంతకం చేసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పైకి వెళ్లి ఒంటికాలి కుట్టుమిషను సొరుగులో దాచాడు.