గవిపిట్టలు వదిలిపోయిన కొండ

ఆ రాగిరేకు మీదున్న పక్షి గద్ద కాదని పశువుల డాక్టరు ఇందుమతి చెప్పిన రోజు నుంచి నాగిరెడ్డికి కంటి మీద కునుకు లేదు.

రేకు వాళ్ళ జేజినాయన వీరారెడ్డిది. వెలికొండల్లో తలదాచుకున్న ఒక పాలెగాడు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు తన సొమ్మంతా ఒక గవిలో, కొండగుహలో దాచి, దారి గుర్తులు ఆ రేకు మీద చెక్కించాడని ఆ ఇంట్లో తరతరాల మాట. రెండు కొండల నడుమ ఒక వంక, వంక మొదట్లో నిట్టనిలువు బండ, బండలో చీలిక, ఆ చీలికలోకి ముక్కు పెట్టిన పక్షి. అంతకుమించి రేకు మీద ఒక్క అక్షరం లేదు. వీరారెడ్డి గద్ద ఆకారంలో ఉండే రాయి కోసం బతుకంతా కొండలు తిరిగాడు. చిన్నదాసరిపల్లెలో ఆయనకు గవుల పిచ్చోడని పేరు పడింది. ఆ పేరుతోనే కాటికి పోయాడు. ‘గవుల పిచ్చోని మనవడా’ అన్న పిలుపు వింటూ పెరిగాడు నాగిరెడ్డి.

ఇందుమతి ఆ ఇంటికి వచ్చింది మేకల కోసం. ఆ ఏడు ఊళ్ళో మేకలకు పిల్లలు చచ్చి పుడుతున్నాయి. అంతకు ముందే ఎర్రవంక పొడవునా నెమళ్ళు, పూరేళ్ళు, కాకులు పడి చచ్చాయి. పక్షులకు వచ్చే జ్వరమేమోనని ఆమె వాటిని పరీక్షకు పంపింది. జ్వరం కాదు, కాలేయాల నిండా విషం ఉందని జవాబు వచ్చింది. ఎక్కడి నుంచి వస్తోందో చూపించమన్నారు పైవాళ్ళు. చూపించలేక ఆమె కాలుగాలిన పిల్లిలా వంక వెంబడి తిరుగుతోంది. ఊరి మంచినీళ్ళ ట్యాంకు నిండేది ఆ వంకతోనే.

మేకల కొట్టం గోడకు తగిలించిన రేకును చూసి ఆమె దాన్ని వెలుతురులోకి తెచ్చింది. “ఇది గద్ద కాదు రెడ్డిగారూ. రెక్కలు చూడండి, కొడవళ్ళలా వంగి ఉన్నాయి. కాళ్ళు ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి. గవుల్లో గోడలకు గూడు కట్టుకునే చిన్న పిట్ట ఇది” అంది.

పక్కనే ఉన్న ఖాదర్‌వలీకి ఆ పిట్ట తెలుసు. కొండబండల మీద తాళ్ళకు వేలాడుతూ తేనె తీయడం అతని పని. నాగిరెడ్డికి చిన్ననాటి స్నేహితుడు. వాటిని తాము గవిపిట్టలంటామని, ఎర్రవంక ఎగువన పొద్దు వాలేసరికి మేఘంలా వచ్చి బండ సందుల్లో దూరతాయని చెప్పాడు. నాగిరెడ్డి రేకును చేతిలోకి లాక్కున్నాడు. జేజినాయన నేల మీద రాయి కోసం వెతికాడు. వెతకాల్సింది ఆకాశంలో.

మూడోనాడు తెల్లవారుతూనే ముగ్గురూ బయల్దేరారు. డాక్టరమ్మను వెంట తీసుకుపోవడం నాగిరెడ్డికి ఇష్టం లేదు. సొమ్ము సంగతి నలుగురి నోళ్ళలో పడుతుందని భయం. కానీ ఆమె వెళ్ళవలసిన దారీ ఆ వంకే. పైగా పిట్టను గుర్తుపట్టింది ఆమె. బయల్దేరేటప్పుడు భార్య నారాయణమ్మ రొట్టెల మూట అందించింది. కొన్నాళ్ళుగా ఆమె చేతులు వణుకుతున్నాయి. నీరసమని పట్నం డాక్టరు మందు బిళ్ళలిచ్చాడు. మూట అందుకుంటూ నాగిరెడ్డి ఆ చేతుల వైపు చూడకుండా మొహం తిప్పుకున్నాడు.

వంక లోపలికి పోయేకొద్దీ కొండలు రెండు వైపుల నుంచీ దగ్గరకు జరిగాయి. ఎర్రచందనం మానులు, ముళ్ళపొదలు, వెదుళ్ళు దారికి అడ్డం పడ్డాయి. వలీ కత్తితో నరుకుతూ ముందు నడిచాడు. నాగిరెడ్డి తొందర కాళ్ళలో కనిపించింది; అన్నం తినడానికి కూడా కూర్చోనివ్వలేదు. అయినా అతన్ని ఏదో తొలుస్తూనే ఉంది. చాలా దూరం నడిచాక తెలిసింది అదేమిటో. అడవిలో చప్పుడు లేదు. పైన కోతులు లేవు, పొదల్లో గువ్వల కూత లేదు. తమ అడుగుల చప్పుడు తమకే పెద్దగా వినిపిస్తోంది.

మడుగుల దగ్గర పిట్టలు చచ్చి పడున్నాయి. కొన్ని ఎండి పెంకుల్లా ఉన్నాయి, కొన్ని నిన్న మొన్నటివి. ఇందుమతి ఒక్కొక్క చోట వంగి చూసి లేస్తోంది. ఏదైనా పక్కవాగు వచ్చి కలిసిన చోట ఆ వాగులోకి కొంత దూరం పోయి వస్తుంది. పక్కవాగుల్లో పిట్టలు బతికే ఉన్నాయట, చావులన్నీ పెద్దవంకలోనేనట. ఆమె వాటినే దారిగుర్తులుగా పట్టుకుని నడుస్తోంది. తాను వెతికే గవి వైపే ఆ చచ్చిన పిట్టలూ తీసుకుపోతున్నాయని గ్రహించాక నాగిరెడ్డి వాటి వైపు చూడడం మానేసి నడిచాడు.

సాయంత్రానికి బండ కనిపించింది. రేకు మీద చెక్కినట్టే, వంకకు అడ్డంగా గోడ కట్టినట్టు నిలబడి ఉంది. ముగ్గురూ ఎదుటి గుట్టెక్కి ఆకాశం చూస్తూ కూర్చున్నారు. ఎండ పసుపు తిరిగింది, ఎర్రబడింది. ఒక్క పిట్ట రాలేదు. కిందటి వేసవిలో ఇక్కడే ఆకాశం నల్లబడిందని వలీ గొణిగాడు. పొద్దు అంచు కొండ వెనక్కి జారిపోతుండగా నాగిరెడ్డి లేచి నిలబడ్డాడు. జేజినాయన బతుకే కాదు, తన బతుకూ ఇలాగే తెల్లారేటట్టుంది అనుకున్నాడు.

“అదిగో” అంది ఇందుమతి.

పది పన్నెండు చిన్న పిట్టలు, గాలిలో తూలుతున్నట్టుగా వచ్చి, బండ మధ్యలో ఒక చీలికలో దూరాయి. చీలిక కింద రాతి మీద సున్నం ఒలికినట్టు పాత రెట్టల చార. ఎన్నో వేల పిట్టలు ఉండిన చోటు అది. మిగిలినవి ఇవే.

మర్నాడు ఎండ ఎక్కకముందే వలీ చీలిక దాకా పాకి తాడు కట్టాడు. వంగి నడిచేంత సందు లోపలికి, కిందికి దిగింది. టార్చిలైటు వెలుతురులో గోడల నిండా గూళ్ళు. చాలా వాటిలో ఎండిపోయిన పిల్లలు. అడుగు వేస్తే కాలి కింద రెక్కలు నలిగాయి. సందు చివర ఒక్కసారిగా పెద్ద గవి తెరుచుకుంది. పైకప్పులో బావిలాంటి బిలం. దానిలోంచి పగటి వెలుతురు స్తంభంలా కింద ఉన్న మడుగు మీద పడుతోంది. మడుగు మీద పసుపుపచ్చని తెట్టు. చుట్టూ సొట్టలు పడిన ఇనుప పీపాలు, తెగిన రబ్బరు గొట్టాలు. మడుగు ఒక మూల నుంచి సన్నటి ధార రాతి పగుళ్ళలోకి జారిపోతోంది. అదే ఎర్రవంక పుట్టుక.

కొండ అవతల ఏదో ఖనిజాన్ని కడిగే కర్మాగారం ఉందని ఇందుమతి విన్నది. మురుగు ఎక్కడ పోస్తున్నారో ఎవరికీ అంతు చిక్కలేదు. ఆమె సీసాలు తీసి మడుగు అంచుకు దిగింది.

నాగిరెడ్డికి అదేమీ కనిపించడం లేదు. మడుగు అవతలి గోడలో మనిషెత్తున తొలిచిన ఒక గూడు, దాని నెత్తిన రాతిలో చెక్కిన పిట్ట. గూటికి అడ్డం పెట్టిన బండ పైనుంచి పడిన పీపా తగిలి పగిలి ఉంది. పగులు లోపల రాగి బిందె అంచు మెరిసింది. గోడకు అతుక్కున్న సన్నని రాతి అరుగు మీద, వీపు రాతికి ఆనించి, పక్కకు జరుగుతూ పోయాడు. వద్దని వలీ అరిచినా వినలేదు. చెయ్యి లోపల పెట్టాడు. చల్లగా, బరువుగా, గుప్పిట నిండా వరహాలు. బిందె వెనక ఇంకో బిందె. “జేజినాయనా” అన్నాడు, తనకు మాత్రమే వినిపించేలా. పైపంచె విప్పి మూట కట్టడం మొదలుపెట్టాడు.

అప్పుడే పైన ఇంజను చప్పుడు వినిపించింది. బిలం అంచున మట్టి రాలింది. మరుక్షణం మురుగు ధార, బండి తొట్టెడు, హోరుమంటూ మడుగులో పడింది. నీళ్ళు బుసబుస పొంగాయి. కుళ్ళిన కోడిగుడ్ల వాసన ముక్కుల్ని కోసింది.

పైగోడల మీద కీచుకీచుమంటున్న పిట్టలు ఒక్కసారిగా నోళ్ళు మూశాయి. తర్వాత అన్నీ కలిసి లేచాయి. వచ్చిన సందులోకి పోలేదు. పైకి, గవి నెత్తిన ఎక్కడో చీకట్లో ఉన్న మూల వైపు దూసుకుపోయాయి. రెండు పిట్టలు మాత్రం కింద ఎగిరి, మడుగు దాటకముందే రాళ్ళలా పడ్డాయి.

“పైకెక్కండి” అని ఇందుమతి కేక వేసింది. “ఈ గాలి బరువైనది, కిందనే నిలబడుతుంది. వచ్చిన సందు నోరు మడుగు పక్కనే, అందులోకి పోవద్దు. పిట్టలు పోయిన వైపే.”

“వాసన తగ్గింది గదమ్మా” అన్నాడు వలీ.

“తగ్గలేదు. మన ముక్కులు చచ్చాయి. ఎక్కు.”

ఆ మాట అంటూనే ఆమె మోకాళ్ళ మీద కూలింది. సీసాల సంచి భుజాన ఉండగానే పక్కకు ఒరిగింది.

నాగిరెడ్డి చేతిలో మూట ఉంది. ఆ మూటతో అరుగు మీద నడవగలడు. ఆ మూటతో మనిషిని మోయలేడు. అతను ఆలోచించాడని చెప్పలేం. మూట జారి మడుగులో పడిన చప్పుడు విన్నాక గానీ తాను దాన్ని వదిలినట్టు అతనికే తెలియలేదు. ఊపిరి బిగబట్టి అరుగు మీదినుంచి దూకినంత పని చేశాడు. ఆమెను భుజాన వేసుకున్నాడు. వలీ అప్పటికే ఒక రాతి కొమ్ముకు తాడు విసిరి పైకి పాకాడు. తాడు కొసను నాగిరెడ్డి ఆమె చంకల కింద కట్టాడు. వలీ లాగాడు, ఇతను కింద నుంచి తోశాడు. కళ్ళ ముందు పచ్చని చుక్కలు ఆడాయి. తల పగిలిపోతోంది. నెత్తి మీద ఎక్కడో రెక్కల టపటప. ఆ చప్పుడు వైపు వేళ్ళు చాపి, గోళ్ళు చీలుతున్నా రాతిని పట్టుకుని ఎక్కాడు. మూలలో సందు దొరికింది. మనిషి పట్టీ పట్టని సందు. భుజాల తోలు లేచిపోయింది. చివరికి మొహానికి ఎండ తగిలింది.

కొండ నెత్తిన ముళ్ళపొదల్లో ముగ్గురూ పడి దగ్గారు. ఇందుమతి వాంతి చేసుకుని కళ్ళు తెరిచింది. తెరవగానే సంచి తడుముకుంది. సీసాల్లో రెండు పగల్లేదు. దూరాన మట్టిదారిలో దుమ్ము రేపుకుంటూ ఒక ట్యాంకరు పోతోంది. ఆమె లేవలేక, పడుకున్నచోటి నుంచే దాని ఫొటో తీసింది.

దిగే దారిలో ఆమె కాస్త వెనకబడినప్పుడు వలీ నాగిరెడ్డి పక్కకు వచ్చాడు. “నాగన్నా, నేను సూసినా. బిందెలు రెండుండాయి. ఆ గాలి పోయేదాకా ఓ వారం ఆగి మనిద్దరం పోదాం. మూతికి కట్టుకునేవి తెచ్చుకుందాం. డాక్టరమ్మను ఆ వారం ఆగమని సెప్పు. తర్వాత అందరికీ సెప్పుకోనీ.”

నాగిరెడ్డి నడుస్తూనే లెక్క వేసుకున్నాడు. వారం. వారంలో తాళ్ళు, మాస్కులు, అన్నీ సమకూరతాయి. వారంలో వాళ్ళ జేజినాయన పేరు మారిపోతుంది. తన పిల్లలు ఆ పిలుపు వినకుండా పెరుగుతారు. అనుకుంటున్నకొద్దీ కాళ్ళు వేగం అందుకున్నాయి. ఎందుకు పరుగెడుతున్నాడో అతనికే అర్థం కాలేదు. వంకలో నీళ్ళు అతని పక్కనే, అతనితో సమానంగా, ఊరి వైపు పారుతున్నాయి.

“ఈ వారం మన పల్లెలో ఏం తాగతారు వలీ?” అన్నాడు.

వలీకి ఊళ్ళో ముగ్గురు పిల్లలు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఊరు చేరేసరికి ఆడవాళ్ళు కొళాయి దగ్గర బిందెలు పెట్టి వరస కట్టారు. నాగిరెడ్డి నేరుగా ట్యాంకు దగ్గరికి పోయి చక్రం తిప్పి నీళ్ళు కట్టేశాడు. గోల లేచింది. జనం మూగారు. ఇందుమతి సీసా పైకెత్తి, పిట్టలు ఎందుకు చచ్చాయో, మేకపిల్లలు ఎందుకు చచ్చాయో, నారాయణమ్మ చేతులు ఎందుకు వణుకుతున్నాయో ఉన్నదున్నట్టు చెప్పింది. ఊరి పెద్ద సుబ్బరాయుడు అంతా విని, ఆ గవి ఎక్కడుందని అడిగాడు. నాగిరెడ్డి దాచలేదు. బండ, చీలిక, బిలం, అన్నీ గుర్తులతో చెప్పాడు.

“అంటే మీ జేజినాయన ఎతికిన గవి అదేనా?” అన్నాడు సుబ్బరాయుడు. “మరి సొమ్ము?”

ముందు వరసలో నిలబడిన కుర్రాళ్ళు మెడలు సాచారు. నాగిరెడ్డి వాళ్ళ కళ్ళలోకి చూశాడు. నిన్న ఉదయం తన కళ్ళలో ఉన్న మెరుపే అక్కడా ఉంది. ఉందని ఒక్క మాట అంటే తెల్లారేసరికి సగం ఊరు తాళ్ళు పట్టుకుని ఆ చీలికలో దిగుతుంది. దిగినవాళ్ళు ఎక్కి రారు.

“ఏమీ లేదు మామా” అన్నాడు. “రాళ్ళు, విషం. అంతే.”

వెనక ఎవరో నవ్వారు. సుబ్బరాయుడు తల ఆడించి, “పాపం, ఆ పెద్దాయన ఊరికే బతుకంతా పిచ్చిగా తిరిగె గదరా” అన్నాడు.

వలీ నోరు తెరవబోయాడు. నాగిరెడ్డి అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. “ఔ మామా” అన్నాడు. ఇందుమతి అతని మొహం చూసి తల దించుకుంది.

తర్వాత అధికారులు వచ్చారు. ఆ గాలికి ఎవరూ లోపలికి దిగకుండా పైనుంచే కొక్కేలతో పీపాలు తీయించారు, కర్మాగారానికి తాళం పడింది. మళ్ళీ ఎవరూ ఏమీ పోయకుండా బిలాన్ని, చీలికను కాంక్రీటుతో మూసేశారు. పిట్టలు వెళ్ళిన సందును మాత్రం మూయవద్దని ఇందుమతి పట్టుబట్టి నిలబెట్టింది. అంత సన్నని సందులో మనిషి మళ్ళీ దిగకుండా ఇనుప చువ్వలు పాతారు. ఊరికి వేరే చోటి నుంచి నీళ్ళు వచ్చాయి.

కాంక్రీటు పోసిన సాయంత్రం నాగిరెడ్డి ఇంటికి వచ్చి వసారాలో కూర్చున్నాడు. నారాయణమ్మ వచ్చి పక్కన కూర్చుంది. అతని మొహంలోకి చూసింది.

“నాతో గూడా లేదనే సెప్తావా?” అని అడిగింది.

నాగిరెడ్డి వాకిలి వైపు చూశాడు. వీధిలో ఎవరూ లేరు. ఆమె చేతిని తన చేతుల్లోకి తీసుకున్నాడు.

“ఉండాది” అన్నాడు. “రెండు బిందెలు నిండుగా. నా సేత్తో తాకినా.”

“అయితే పెద్దాయన…”

“పిచ్చోడు కాదు” అన్నాడు నాగిరెడ్డి.