ఎర్రజెండా దగ్గర ఆగిన ఫ్లాస్క్

"ల్యాబ్‌లో ఫ్రిజ్ తగలబెట్టారు. బతికున్న కల్చర్ ఒక్కటే మిగిలింది. అది శ్రీలేఖ చేతిలో ఉంది."

ఫోన్‌లో చెప్పాడు చీఫ్ సూర్యప్రకాశరావు. ఏజెంట్ రవికాంత్ జీపు స్పీడు పెంచాడు.

"ఆమె మన ఏజెంటే కదా సార్?"

"మనకూ పనిచేసింది, వాళ్లకూ పనిచేసింది. రామగుండం స్టేషన్‌లో విదేశీ ముఠాకు అప్పగిస్తుంది. వేషం మార్చే ఉంటుంది. అనుమానం వస్తే కల్చర్ ఉన్న ఫ్లాస్క్ పగలగొడుతుంది. తప్పు మనిషి మీద చెయ్యి వేశావో, అంతే సంగతులు."

ఆ కల్చర్ చిక్కుడాకులను మాడ్చే బ్యాక్టీరియా. అది వదిలే విషం క్యాన్సర్ కణాల పెరుగుదలను ఆపుతోందని సెంటినరీ కాలనీలో డాక్టర్ చంద్రమతి కనిపెట్టింది. ఇంకా మందు కాలేదు, గాజుపళ్లెంలో కనిపించిన ఆశ మాత్రమే. దానికోసం ఆమె పెద్ద ఉద్యోగం వదిలేసి, ఉన్న ఇంటినే ల్యాబ్ చేసుకుంది. ఇప్పుడది మే నెల ఎండలో, కరిగిపోయే ఐసు మధ్య, దొంగ ఒడిలో ప్రయాణిస్తోంది. తలచుకుంటేనే రవికాంత్‌కు ఒళ్లు మండింది.

శ్రీలేఖ హ్యాండ్‌బ్యాగ్‌లో చీఫ్ ముందే దాయించిన ట్రాన్స్‌మిటర్ సెంటినరీ కాలనీ దాటాక ఒకచోట ఆగింది. అక్కడ వాహనాలన్నీ ఆగి ఉన్నాయి. రోడ్డుకు అడ్డంగా ఎర్రజెండాతో గని కార్మికుడు రాయమల్లు. ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో బ్లాస్టింగ్ టైం. రేడియో తరంగాలకు మందుగుండు పేలవచ్చని ఫోన్లు కూడా ఆపిస్తారు.

"ఫోన్లు బంద్ వెట్టుండ్రి. సైరన్ అయ్యేదాంక ఎవలు కదలద్దు."

"జల్ది పోవాలె కాకా," అన్నాడు రవికాంత్.

"అందరికీ జల్దే బిడ్డా. రాయి నెత్తిన పడ్డదంటే దవాఖానకు ఇంకా జల్ది పోతవ్."

ఫోన్ ఆగింది, ట్రాన్స్‌మిటర్ జాడ చూపే రిసీవర్ ఆగింది. వరుసలో బస్సు, ఆటోలు, ఒక అంబాసిడర్. వాటిలో ఆడవాళ్లు బోలెడంతమంది, నీళ్ల ఫ్లాస్కులు అంతకంటే ఎక్కువ. రోడ్డు తెరుచుకుంటే ఆమె మళ్లీ దొరకదు.

రవికాంత్ గోదావరిఖనిలో పెరిగినవాడు. ఈ ఎండలో, ఈ జెండా దగ్గర, ఎవరి నీళ్లూ వాళ్లవి కావని, అడిగితే లేదనేవాళ్లు ఉండరని అతనికి తెలుసు. మారువేషానికి ఉంచుకున్న గని డ్రెస్సు జీపు చాటున తొడుక్కుని, మొహానికి బొగ్గు రాసుకుని, డ్యూటీ దిగిన మనిషిలా బయల్దేరాడు.

"గుక్కెడు నీళ్లు."

ఆటోలోంచి లింగవ్వ అనే ముసలామె అడిగీ అడగకముందే గ్లాసు నింపింది. కండక్టర్ సీసా అందించాడు. అంబాసిడర్‌లో దళసరి కళ్లద్దాలు, నూలు చీర, అచ్చం స్కూలు టీచరమ్మ.

"నీళ్లు లేవండి."

ఒడిలో ఉన్న ఫ్లాస్క్ నుంచి చీర మీదికి చుక్కలు కారుతున్నాయి. వరుసంతా అటు తిరిగింది.

"ఒళ్లె వెట్టుకొని లేవంటవేందమ్మా?" అంది లింగవ్వ.

టీచరమ్మ వేషంలోని శ్రీలేఖకు దొరికిపోయానని అర్థమైంది. ఫ్లాస్క్‌ను కిటికీ బయటికి చాపి, బండరాయి మీదికి ఎత్తింది.

భూమి అదిరింది. బ్లాస్టింగ్. జనంలో ఒక్కరూ కదల్లేదు. ఊరికి కొత్తదైన శ్రీలేఖ మాత్రం ఉలిక్కిపడి కళ్లు మూసుకుంది, ఫ్లాస్క్ చేయి జారింది. రాయికి బెత్తెడు ఎత్తులో రవికాంత్ దాన్ని పట్టేశాడు. మరుక్షణం ఆమె చేతులకు బేడీలు పడ్డాయి.

మూత తీసి చూశాడు. లోపల కల్చర్ ఉన్న ట్యూబు చెక్కుచెదరలేదు. అడుగున ఐసు ఇంకా కొంచెం ఉంది.

సైరన్ మోగగానే ఫోన్ కలిపాడు. చీఫ్ చేతిలోంచి చంద్రమతి లాక్కుంది.

"చల్లగానే ఉందా బాబూ?"

"ఉందమ్మా."

ఫోన్ పెట్టేసి, అతను ఫ్లాస్క్ మూత బిగించాడు.

లింగవ్వ ఆటో దిగి వచ్చి, బేడీలను తేరిపార చూసింది.

"నీళ్లియ్యకుంటే సుత అరెస్టు చేస్తున్నరా కొడుకా? మంచి పనైంది. గుక్కెడు నీళ్లియ్యని మా ఆడిబిడ్డ ఇల్లు చూపిస్త, వస్తవా?"