ఆడవాళ్ళకి ఈ భాగం అక్కర్లేదు

ఇంటింటికీ తిరిగి ఆరోగ్య సర్వే చేసే కుర్రాడికి ఆ రోజు తన మర్యాద చూసి తనకే ముచ్చటేసింది. అదే కొంప ముంచింది.

బయట వాన. ముందుగదిలో ఇంటిపెద్ద, రిటైరైన బస్సు మెకానిక్, కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. సిగరెట్లు రోజుకెన్ని, ఎప్పటినుంచి, మానాలని ఎప్పుడైనా అనిపించిందా అన్న ప్రశ్నలన్నిటికీ తాపీగా జవాబులు చెప్పాడు. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాక అదే కుర్చీలో కూతురు వచ్చి కూర్చుంది. తడిజుట్టు, చేతిలో కారు తాళాలు. డ్రైవింగ్ స్కూల్లో నేర్పే పనిట. మనవాడికి కళ్ళు తిప్పుకోవడం కష్టమైంది.

వయసు అడిగాడు. చదువు అడిగాడు. సిగరెట్ల ప్రశ్న రాగానే ఫోన్లో "లేదు" నొక్కేసి, "అయిపోయిందండీ," అన్నాడు.

"అయిపోవడమేమిటి? నాన్నని అన్నన్ని అడిగారుగా."

"ఆడవాళ్ళకి ఈ భాగం అక్కర్లేదండీ."

ఆమె అతనికేసి అదోలా చూసింది. ఏదో చెప్పబోయి, తండ్రివైపు చూసి, లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ చూపు తన సంస్కారానికి పడిన మార్కులని అతననుకున్నాడు. నచ్చిన అర్థం తీసుకోవడంలో మగవాడు ఎప్పుడూ ఫస్టు క్లాసే.

వారం తిరక్కుండా ఆ డ్రైవింగ్ స్కూల్లో చేరాడు.

"మీకు కారుందా?" అంది ఆమె.

"లేదండీ."

"కొనబోతున్నారా?"

"ఇప్పట్లో లేదండీ."

"మరెందుకొచ్చారు?"

"నేర్చుకుంటే ఎప్పటికైనా పనికొస్తుందని."

"సరే. అద్దంలో వెనకొచ్చే బండిని చూడాలి. నన్ను కాదు."

ఆమె నోట్లో ఎప్పుడూ పిప్పరమెంటు బిళ్ళ ఉండేది. అది ఆమె చిలిపితనమని మురిసిపోయాడు తప్ప, ఎందుకని ఆలోచించలేదు. క్లచ్ ఒక్కటి నేర్చుకోవడానికే బోలెడు క్లాసులు సాగదీశాడు. మొదట్లో ముభావంగా ఉన్న మనిషి మెల్లగా నవ్వడం మొదలుపెట్టింది. ఆమె అతనికి టీచరమ్మ, అతను ఆమెకు సర్వేగారు.

"మీ పని కష్టమా?" అని అడిగింది ఒకరోజు, కారు ఒక సందులో నత్తనడక నడుస్తుండగా.

"మగవాళ్ళతోనే కష్టం. ఆడవాళ్ళ భాగం రెప్పపాటులో అయిపోతుంది. అసలు అడిగితేగా? సిగరెట్లు తాగుతావా అమ్మా అంటే, పరువున్న ఇంటి పిల్ల ఎవరైనా చెప్పు తీస్తుంది."

నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. అది గట్టిగా పడింది.

"దిగండి," అంది ఆమె.

"ఏమైందండీ?"

"ఏం కాలేదు. దిగండి."

అతను దిగాడు. కారు వెళ్ళిపోయింది. ఏ మాటకు కోపమొచ్చిందో ఇంటిదాకా తవ్వుకున్నా అతనికి తేలలేదు.

ఆ సర్వే నడిపే డాక్టరమ్మ మర్నాడు అతన్ని పిలిచింది. "నీ వీధుల్లో ఒక్క ఆడమనిషి సిగరెట్ ముట్టదు, మందు ముట్టదు, నిద్రమాత్ర మింగదు. అందర్నీ అడిగావా?"

"అడిగాను మేడమ్." అబద్ధం వెన్నలా జారింది.

"అయితే ఆ పేట హెల్త్ సెంటర్లో ఈ అలవాట్లు మాన్పించే క్లాసులు మగవాళ్ళకే పెడదాం. ఆడవాళ్ళకి విడిగా అక్కర్లేదని ఫోన్ చేసి చెప్తాను. నువ్వెళ్ళి ఈ పోస్టర్లు ఇచ్చిరా."

పోస్టర్లు చంకలో పెట్టుకుని వెళ్ళాడు. కౌంటర్ దగ్గర టీచరమ్మ నిలబడి ఉంది. అతన్ని చూడలేదు.

"ఆడవాళ్ళకి లేదమ్మా," అంటున్నాడు గుమస్తా, గది మొత్తానికి వినబడేలా. "సిగరెట్లు తాగే ఆడవాళ్ళు మీ పేటలో లేనే లేరని సర్వేలో తేలిందట. ఇంతకీ ఎవరికి, మీకేనా?"

బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. గిరుక్కున వెనక్కి తిరిగితే ఎదురుగా అతను. ఆ క్షణంలో నేల చీలి తనని మింగేస్తే బాగుండునని అతనికి నిజంగానే అనిపించింది.

ఆమె బయటికి నడిచింది. అతను వెనకే మెట్లదాకా వెళ్ళాడు.

"నాకు తెలీదండీ," అన్నాడు.

"అడిగితేగా తెలిసేది." ఆమె మెట్టు మీద ఆగింది. "ఆరోజు ఎంత ధైర్యం కూడగట్టుకుని కూర్చున్నానో తెలుసా? ఇంట్లో నా అంతట నేను ఎప్పటికీ చెప్పలేను. బయటి మనిషి అడిగితే నాన్న ముందే చెప్పేద్దాం, ఈ దొంగబతుకు ఇక చాలనుకున్నాను. మీరేమో మర్యాదగా దాటేశారు. అడగడానికే అంత సిగ్గుపడ్డ విషయాన్ని నేను ఏ మొహంతో చెప్పను?"

అతను చంకలోని పోస్టర్లు మెట్టు మీద దించాడు.

"మానడానికి మందు కూడా వాడాను. పనిచేయలేదు. మనసు గట్టిగా లేదన్నాడు డాక్టరు. తీరా ఆరా తీస్తే, ఆ మందు పరీక్షించింది దాదాపు అందరూ మగవాళ్ళ మీదేనట. ఆడవాళ్ళ ఒంట్లో ఎలా పనిచేస్తుందో ఆయనకీ సరిగ్గా తెలీదట. తప్పు మాత్రం నా మనసుదైంది. మీబోటివాళ్ళు లేదు, లేదు అని రాసుకుంటూ పోతే, మా గురించి ఎవరు చూస్తారు?"

ఆమె వెళ్ళిపోయింది. అతను తడిసిన మెట్ల మీద కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ మర్యాద అనుకున్నది ఉత్త పిరికితనమని తెలిసొచ్చింది. దాని మీద అబద్ధం ఒకటి.

సాయంత్రం డాక్టరమ్మ ముందు తలొంచుకుని అంతా చెప్పేశాడు. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

"లేదు అని అన్నిసార్లు కనిపిస్తే నాకు అనుమానమైతే వచ్చింది," అంది చివరికి. "అయినా నమ్మేశాను. ఆడదాన్నయి ఉండి. ప్రతి ఇంటికీ మళ్ళీ వెళ్ళు. ఆడవాళ్ళని విడిగా కూర్చోబెట్టి అడుగు. ముందు క్షమాపణ చెప్పు."

వెళ్ళాడు. కొన్నిచోట్ల తలుపు మొహం మీదే పడింది. ఒక ముసలావిడ మాత్రం, "ఏళ్ళ తరబడి నశ్యం పీలుస్తున్నా నాయనా, ఇన్నాళ్ళకి అడిగే నాథుడొచ్చాడు," అని పక్కన కూర్చోబెట్టుకుంది. ఒక ఇల్లాలు నిద్రమాత్రల సంగతి చెప్పి, వాళ్ళాయనకి తెలియనివ్వొద్దని కళ్ళు తుడుచుకుంది. ప్రతి జవాబుకీ అతని తల ఇంకాస్త వంగింది.

ఆమె ఇంటికి వెళ్ళే ధైర్యం అన్నిటికన్నా చివర వచ్చింది. ఆ రోజూ వానే.

"విడిగా అడగాలండీ," అన్నాడు తండ్రివైపు చూసి.

"నాన్నని ఉండనివ్వండి," అంది ఆమె, కుర్చీలో నిటారుగా కూర్చుంటూ.

అతను ఈసారి ఫోన్లోకి చూడలేదు. "మీరు సిగరెట్లు కాలుస్తారా?"

"కాలుస్తాను."

తండ్రి తన జేబు తడుముకుని, సిగరెట్ పెట్టె తీసి, దానికేసి చూశాడు.

"నాకు మతిమరుపు మొదలైందనుకున్నానే," అన్నాడు. "పెట్టెలోవి తగ్గిపోతుంటే." పెట్టె మూసి కూతురి దగ్గరికి వచ్చాడు. "చిన్నప్పట్నుంచీ నా సిగరెట్ల బూడిద పారబోసింది నువ్వే కదమ్మా. నేనింకేం మొహం పెట్టుకుని అంటాను?" కూతురి తల మీద చెయ్యి వేసి, ఆ పెట్టె బల్ల మీద వదిలేసి, లోపలికి వెళ్ళిపోయాడు.

ఆమె ఏడ్చింది. తర్వాత మొహం తుడుచుకుని మిగిలిన ప్రశ్నలన్నిటికీ జవాబులు చెప్పింది. ఆడవాళ్ళ క్లాసులు వచ్చేవారం మొదలవుతాయని అతను చెప్తే తలూపింది.

"ఇంకేమైనా అడగాలా?"

"ఒకటుందండీ. సర్వేలోది కాదు." ఫోన్ జేబులో పెట్టేశాడు. "నేను చేసినదానికి అడిగే అర్హత లేదు. అయినా ఈసారి అడక్కుండా వెళ్ళలేను. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె అతనికేసి అదోలా చూసింది. ఆ చూపుకి అతను ఏ అర్థమూ తీసుకోలేదు.

"నేను మానేశాక అడగండి," అంది.

అతను సరేనని తలూపి, గొడుగు తీసుకుని మెట్లు దిగాడు. గేటు తీస్తుంటే వెనక అడుగుల చప్పుడు వినిపించింది. ఆమె వానలోనే నిలబడి ఉంది.

"మానలేకపోయినా అడగండి."