ముద్దాయి నాకియ్యి

"ముద్దాయి నాకియ్యి ప్రియా. సోమవారం అందరి ముందర, మేడం చూస్తాండగానే."

జమ్మలమడుగు బస్టాండు నుంచి వివేక్ ఫోన్‌లో అన్నది ఇంతే. పులివెందులలో ఆ ఫోన్ ఎత్తింది ప్రియదర్శిని కాదు, ఆమె జేజి, అంటే నాయనమ్మ, శివమ్మ. సరిగ్గా అప్పుడే ఒక సిమెంటు లారీ హారన్ కొట్టి, ముద్దాయిలోని 'ఆయి'ని తొక్కేసి పోయింది. శివమ్మ చెవిన పడింది ఉత్త ముద్దే.

"నారాయణా," అని కొడుకును పిలిచింది. "ఎవురో పిల్లోడు మన ప్రియను ముద్దడుగుతాండాడు. అదీ సోమవారం, అందరి ముందర."

ప్రియ తండ్రి నారాయణ హెడ్ కానిస్టేబుల్. "దానికి చెప్పొద్దుమా. పోయి కండ్లారా చూస్తా. నిజమైతే ఆ పొద్దే చదువు బంద్," అన్నాడు.

ప్రొద్దుటూరులో ఇద్దరిదీ లా మొదటి ఏడాది. సోమవారం మూట్ కోర్టు, అంటే ఉత్తుత్తి విచారణ. వివేక్‌కు వాదన అంటే వేదన. నేరం మోపబడిన ముద్దాయి నోరు మెదపక్కర్లేదని క్రిమినల్ లా పాఠంలో విన్నాడు గనుక, ఆ వేషమే కావాలన్నాడు. బస్టాండు ఫోన్ లారీ హారన్‌లో కలిసిపోయిందని చెప్పి, రాత్రి మళ్లీ ఫోన్ చేసి ప్రియనే అడిగి తీసుకున్నాడు. అతని తరఫు లాయరు ప్రియ. లైబ్రరీలో ఆమె పాత తీర్పులను రీసెర్చ్ చేస్తుంటే, అతను ఆమెను రీసెర్చ్ చేసేవాడు. ఫలితాలు మాత్రం ఎక్కడా ప్రచురించలేదు.

సోమవారం బెంచీలతో కట్టిన బోనులో నిలబడ్డాడు. ప్రియ లేచింది. గొంతు పెంచలేదు.

"నేరం రుజువు చేయాల్సిన భారం మోపినవారిది. నా ముద్దాయి మౌనంగా ఉన్నాడు. ఆ మౌనాన్ని నేరంగా లెక్కగట్టే అధికారం ఈ కోర్టుకు కూడా లేదు."

వివేక్ బోనులోంచి ఆమెనే చూశాడు. అటు పోలీసులు, జైళ్లు, సర్కారు మొత్తం. ఇటు ఒంటి మనిషి. ఆ మనిషికి అడ్డంగా కొన్ని మాటలు, కోటగోడలా. గండికోట అంచున నిలబడి పెన్నను చూసినప్పుడు కూడా అతనికి ఇంతగా ఊపిరి ఆగలేదు.

విచారణ ముగిసేసరికి వెనక వరుసలోంచి ఖాకీ చొక్కా లేచింది. పక్కనే శివమ్మ.

"ఏమప్పా, నా కూతుర్ని ముద్దడిగింది నువ్వేనా?"

వివేక్ నాలుక ఎందుకో ఈసారి తడబడలేదు.

"ముద్దడగల్యా సార్. ప్రేమ ఉండేది మాత్రం నిజం."

నారాయణ ముందుకు కదిలాడు. ప్రియ అడ్డం వచ్చింది. "పోలీసు ముందర ఒప్పుకున్యది చెల్లదు నాయనా. చట్టం."

నారాయణ ఆగిపోయాడు. కూతుర్ని మొదటిసారి చూసినట్టు చూశాడు. "ఇన్నేండ్ల డ్యూటీలో నా నోరు మూయించిన లాయరు లేడు. దీని చదువు నేనెట్ల మాన్పిస్తానుమా?" అన్నాడు తల్లితో.

"నేను పోలీసు కాదు గదా," అంది శివమ్మ. "పిల్లోడా, నాకు చెప్పు."

వివేక్ మళ్లీ చెప్పాడు, ఈసారి ప్రియనే చూస్తూ.

అప్పుడు ప్రియ హాలు వైపు తిరిగి, ఫోను, లారీ, హారను అన్నీ వివరించింది. "ఈయప్ప అడిగింది ముద్దాయి వేషం జేజీ. ముద్దు కాదు."

శివమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. "అడగనే లేదా? మరి ఎవురూ కొట్టకుండా, తిట్టకుండా ప్రేమెట్ల ఒప్పుకున్యాడే?"

"అట్ల తనంతట తాను ఒప్పుకుంటేనే జేజీ," అంది ప్రియ, "చెల్లేది."