నీళ్ల సీసా మీద గరిక

ఉప్పల్‌లో డిటెక్టివ్ స్వర్ణలత ఆఫీసు మెట్లెక్కి వచ్చిన విజయశ్రీకి ఏడో నెల. అసిస్టెంటు దుర్గేష్ గబగబా ఆమెకు కుర్చీ లాగాడు. వెంట వచ్చిన అత్త ఐలమ్మ కోడలి భుజం వదల్లేదు.

"నన్ను, నా బిడ్డను సంపాలని సూస్తున్నరు మేడమ్. రేపు మళ్ల ఆ గదిలకే పోవాలె."

నాచారంలో చిన్న ల్యాబు. అతినీలలోహిత కాంతి పడితే ఫార్మిక్ యాసిడ్ ఆవిరి ఎలా ముక్కలవుతుందో చూడటం ఆమె పని. మిగిలిన యాసిడ్‌ను కాస్టిక్ నీళ్లు పీల్చేస్తాయి, పుట్టిన గ్యాసు రబ్బరు పైపులోంచి కిటికీ బయటికి పోతుంది. సూర్యగ్రహణం రోజు సగం మంది సెలవు పెట్టారు. అన్నం తిని వచ్చి, అతినీలలోహిత లైటు వేసి, ఒక్కతే కూర్చున్న విజయశ్రీ కుర్చీలోనే ఒరిగిపోయింది. దవాఖానాలో రక్తం చూసి కార్బన్ మోనాక్సైడ్ అన్నారు. బిడ్డ క్షేమమని చెప్పినా ఆమెకు నమ్మకం కుదరడం లేదు. అనుమానమంతా సూపర్‌వైజర్ భూపాల్ మీదే. పై పోస్టు తనకు కాక ఆమెకు వచ్చిందని ఆయన మాటలే మానేశాడు. ఆ ల్యాబులోనే ఊడ్చే ఐలమ్మ కూడా అవునంది.

ఆ రోజు నుంచి గదికి వేసి ఉన్న తాళాన్ని స్వర్ణలత తీయించింది. లోపల కిటికీకి ఎప్పుడూ వేసి ఉండే నల్ల తెరను దుర్గేష్ ఎత్తాడు. కిటికీ బిగించి ఉంది. సందుల్లో పాత చీర గుడ్డలు. పైపు మూతి గదిలోకే మడిచి ఉంది. కావాలని చంపబోయారు, ఇంకేం కావాలి! బల్ల మీది మంచినీళ్ల సీసాపై ఎండు గడ్డిపోచ ఉంటే తీసి పారేయబోయాడు. స్వర్ణలత చెయ్యి పట్టుకుని ఆపింది.

భూపాల్ దాచలేదు. "కోపమున్నది మేడమ్. గని ఆమెను ఎత్తుకొని దవాఖానకు ఉరికింది నేనే."

స్వర్ణలత అందరినీ ఆ గదికే పిలిపించి, ముందు కిటికీ రెక్క ఒకటి తెరిపించింది.

"యాసిడే లీకైతే ముక్కు మండి విజయశ్రీ బయటికి పరుగెత్తేది. లైటు దాన్ని విరగ్గొడితే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే లేదు. అది గదిలోనే నిండింది. కానీ ప్రాణం తీయదలచినవాళ్లు తాగే నీళ్ల మీద గరిక పెట్టరు. గ్రహణం నుంచి కాపాడుకునేవాళ్లు పెడతారు. కదా, ఐలమ్మా?"

ఐలమ్మ కిటికీ దిక్కు చెయ్యి చూపించింది. "గ్రహణం ఎలుగు కడుపు మీద పడొద్దని, పిల్ల అన్నం తినవోయినప్పుడు మూసిన. పైపు అడ్డమొస్తే లోపలికి మడిచిన. నేనే జేసిన్నా బిడ్డా?"

"పైపు ఎందుకుందో ఐలమ్మకు ఎప్పుడైనా చెప్పారా?" అని స్వర్ణలత అడిగితే, "చెప్పలే మేడమ్" అని భూపాల్ ఒప్పుకున్నాడు.

ఐలమ్మ చెయ్యి కోడలి కడుపు దాకా వచ్చి, భయపడి ఆగిపోయింది. విజయశ్రీ ఆ చేతిని లాక్కుని పొట్టకు ఆనించుకుంది.

"తంతున్నడు, సూడత్తమ్మా."

దుర్గేష్ వెళ్లి కిటికీ రెండో రెక్క కూడా తెరిచాడు.