రెండో బిట్టులో చావుమేళం

పావగడలో మైకుసెట్టు అంగడి నడిపే పెద్దతిమ్మప్పను ఎవరో స్పీకర్ వైరుతో గొంతు బిగించి చంపారు. బస్సుల్లో, హోటళ్లలో మోగిపోతున్న 'శెనక్కాయ చిన్నది' పాటను రికార్డు చేసింది అతనే. మాస్టర్ టేపు మాయమైంది. అతని లుంగీ మడతలో మాత్రం కొత్తగా తీసిన కాపీ ఒకటి దొరికింది.

"నైన్, విను," వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు. "రేపు మంగళవాడలో డాక్టర్ అంజనమ్మ కరువును తట్టుకునే వేరుశెనగ విత్తనం పంచుతోంది. అది మొలిస్తే 'గద్ద' ముఠా విదేశీ విత్తనాన్ని ఎవరూ కొనరు. ఆమెను చంపుతారు. ఆయుధం పాటలోనే ఉందట."

"పాటలోనా సార్?"

"చచ్చేముందు పెద్దతిమ్మప్ప ఫోన్‌లో చెప్పగలిగింది అంతే."

మర్నాడు ఏజెంట్ నైన్, అంటే కదిరయ్య, క్యాసెట్లు అమ్మేవాడి వేషంలో సైకిల్ మీద మంగళవాడ చేరాడు. సైకిల్ పంపులో విషపు ముల్లు ఒకటుంది.

దారి పొడవునా, అంగళ్లలో దొరికే పాత క్యాసెట్‌నూ లుంగీలో దొరికిన కొత్త కాపీనీ మార్చి మార్చి విన్నాడు. మోహన రాగపు ఛాయ. అయిదే స్వరాలు, పసిపిల్లలు కూడా పాడగలరు. నాలుగు దెబ్బల నడక. పల్లవి పైకెళ్లి ప్రశ్నలా ఆగుతుంది, చరణం మెల్లగా కిందికి దిగుతుంది. రెంటిలోనూ అంతా ఒక్కటే, చరణాల మధ్య వాయించే రెండో బిట్టు తప్ప. పాతదానిలో అక్కడ పిల్లనగ్రోవి ఉంది. కొత్తదానిలో ఏడు దెబ్బల తప్పెట ఉంది.

బడి పక్క వాకిట్లో ఆడవాళ్లు విత్తనం కాయలు ఒలుస్తున్నారు. కదిరయ్య కొత్త కాపీ పెట్టాడు. చేతులు పాట నడకతోనే కదిలాయి. రెండో బిట్టు రాగానే అన్ని చేతులూ ఒక్కసారిగా చేటల్లోంచి లేచాయి.

"ఆపప్పో!" నరసక్క అరిచింది. "విత్తనం కాడ సావుమేళం పెడ్తావా? నీ ఇంట్లో పెట్టుకోపో!"

"ఏందవ్వా, పాటే కదా?"

"పాటంట! పీనుగు ముందర కొట్టే దెబ్బ అది. విత్తనం మీద పడితే మొలక రాదు. పెండ్లిలో గానీ, విత్తనం కాడ గానీ ఎవురూ కొట్టరు."

కదిరయ్య పాట ఆపాడు. శుభకార్యంలో పొరపాటున కూడా మోగని దెబ్బ. చప్పుడు విని పేలే బాంబుకు అంతకన్నా మంచి తాళంచెవి ఏముంటుంది?

వాకిలి బయట తెల్ల కారు ఆగింది. నల్ల కళ్లద్దాల సుందరి అద్దం దించింది. ఆ పాట పాడిన గాయని, పేరు వనిత. పైకి 'గద్ద' మనిషి. లోలోపల చీఫ్ మనిషి.

"శెనక్కాయలు వేయించినవా, ఉడికించినవా?" అంది.

"పచ్చివే."

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "నేను పాడింది పల్లవి, చరణాలే. ఆ తప్పెట తర్వాత కలిపారు. బాంబుకు మైకు చెవి ఉంది. ఏడు దెబ్బలు శుభ్రంగా వినిపిస్తే పేలుతుంది. వేదిక మీద, విత్తనం మూటల కింద..."

డ్రైవర్ కత్తితో ఆమె మీదికి తిరిగాడు. కదిరయ్య పంపు నొక్కాడు. ముల్లు వాడి గొంతులో దిగింది. కత్తి అప్పటికే ఆమె భుజాన్ని చీల్చింది.

"చీర కొత్తది," అంది వనిత పళ్లు బిగించి.

అప్పుడే బడి మైదానంలో మైకు హారన్లు పల్లవి ఎత్తుకున్నాయి.

పాట పెట్టిన వ్యాను మైదానం అంచున ఉంది. లోపలి నుంచి తుపాకి పేలి కదిరయ్య చెవి తమ్మె ఎగిరిపోయింది. వనిత తన పిస్టల్లోని ఒక్క గుండూ కాల్చింది. లోపలివాడు నుదురు పగిలి, క్యాసెట్ ప్లేయర్ మీద బోర్లా పడ్డాడు. తలుపుకు లోపల గడియ. పాట ఆగలేదు. మొదటి చరణం అయిపోవస్తోంది.

"పరుగెత్తు!" అరిచాడు కదిరయ్య. "వేదిక కాడ తప్పెటలోళ్లు ఉన్నారు. పెండ్లి దెబ్బ కొట్టించు! దాని నాలుగు దెబ్బలు అడ్డం పడితే ఆ ఏడు శుభ్రంగా వినిపించవు!"

రక్తం కారే భుజంతో ఆమె పరుగెత్తింది. అతను అద్దాన్ని మోచేత్తో పగలగొట్టాడు. గాజు ఎముక దాకా దిగింది.

"బోరయ్యా, పెండ్లి దెబ్బ కొట్టు!" తప్పెటలోళ్ల పెద్దను చూసి అరిచింది వనిత.

"పాట అయిపోనీమ్మా, బాగుండాది..."

"పాడింది నేనే. కొట్టు!"

తప్పెటలు విరుచుకుపడ్డాయి. అదే క్షణంలో హారన్లలో చావుమేళం మొదలైంది. మూటల కింద ఎర్ర దీపం వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది. కదిరయ్య చెయ్యి గడియ తీసింది. శవాన్ని ఈడ్చి అవతల పారేసి, ప్లేయర్‌ను పీకేశాడు.

దీపం ఆరిపోయింది.

బాంబు వైర్లు తెంపాక, అంజనమ్మ మొదటి మూట విప్పింది. ఎవరూ ముందుకు రాలేదు. నరసక్క కదిరయ్య దగ్గరికి వచ్చింది.

"వ్యాను కాడ ఉండింది నువ్వే. నిజం చెప్పప్పా. సావుమేళం మోగినాదా? మోగింటే ఈ విత్తనం ఎవురూ విత్తరు."

హారన్ కిందే నిలబడ్డ కదిరయ్య ఏడు దెబ్బలూ విన్నాడు. తమ్మె తెగిన చెవిలో అవింకా మోగుతున్నాయి.

"లేదవ్వా. పెండ్లి మేళమే."

"అట్లయితే పట్టండే!" అంటూ నరసక్క కొంగు చాచింది.

కదిరయ్య వృత్తిలో చాలా అబద్ధాలు ఆడాడు. వాన పడితే మొలకెత్తేది మాత్రం ఇదొక్కటే.